పొడుపు వరుస: పెరటి కోళ్ళు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయి?

ఈ ఎపిసోడ్ ఒక కోడిపెట్టతో మొదలుపెడతాను. అది నా వల్లే చచ్చిపోయింది.

2020లో లాక్‌డౌన్ కొంచెం సడలించాక నేను అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న పల్లెటూరు. పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. ఏదో ఉత్సాహం వచ్చి పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర ఇంకో పెట్టని కొన్నాను. ఎర్రది, బలంగా ఉంది. సంచీలోంచి తీసి అలాగే పెరట్లో వదిలేశాను. కోళ్ళ మధ్య కోడిని వదలడానికి ఆలోచించేది ఏముంటుంది అనుకున్నా.

మర్నాడు సాయంత్రానికి అది కుడితి గోలెం వెనకాల గోడకి నక్కి ఉంది. తల మీద చర్మం లేచిపోయింది. మూడో రోజు పొద్దున్నకి లేదు.

అమ్మమ్మ తిట్టలేదు కానీ ఒక మాట అంది. "కొత్తదాన్ని తెచ్చి అలా వదిలేస్తారట్రా? నాలుగు రోజులు గంప కింద పెట్టాలి. వాటికి మొహం అలవాటవ్వాలి కదా."

మొహం అలవాటవ్వడం ఏంటి? కోడికి మొహం ఏంటి? నాకైతే అన్ని కోళ్ళదీ ఒకటే మొహం. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెడితే కథ నార్వే దాకా వెళ్ళింది. అక్కడ కూడా అంతా ఒక పిల్లాడి సెలవుల్లోనే మొదలైంది.

ఆ పిల్లాడి పేరు థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె. 1894లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో పుట్టాడు. అమ్మా నాన్నా ఇద్దరూ శిల్పులు. వేసవి వస్తే కుటుంబం పల్లెటూళ్ళో ఉన్న ఇంటికి వెళ్ళేది. అక్కడ కోళ్ళుండేవి. మిగతా పిల్లలు వాటి వెంట పరిగెత్తి ఆడుకుంటారు కదా, వీడు కూర్చుని చూసేవాడు. ఏ కోడి ఏ కోడిని పొడిచింది, ఏది తప్పుకుంది, ఇవన్నీ పదేళ్ళ వయసుకే నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. 19 ఏళ్ళకి, 1913లో, కోళ్ళ అరుపుల గురించి నార్వే భాషలో వ్యాసం వేశాడు. 1922లో జర్మన్ భాషలో, ఒక సైకాలజీ పత్రికలో అసలు పెద్ద వ్యాసం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు "పెకింగ్ ఆర్డర్" అంటున్నది అక్కడ పుట్టిన మాటే. తెలుగులో చెప్పుకోవాలంటే పొడుపు వరుస.

ఇంతకీ ఆ పిల్లాడు చూసింది ఏంటి? రెండు కోళ్ళు మొదటిసారి ఎదురుపడితే ఏదో ఒకటి తేలాలి. కొట్లాట అవ్వొచ్చు, లేదా ఒకటి కొట్లాట లేకుండానే తగ్గిపోవచ్చు. ఒకసారి తేలిందంటే ఇక రోజూ కొట్లాట ఉండదు. గెలిచింది పొడుస్తుంది, ఓడింది తప్పుకుంటుంది. గింజల దగ్గర, దుమ్ము స్నానం దగ్గర, రాత్రి ఎక్కి పడుకునే కొమ్మ దగ్గర, అన్నిచోట్లా అదే లెక్క. కొన్నాళ్ళకి పొడవడం కూడా అక్కర్లేదు, పైది ఇలా తల ఎత్తితే చాలు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ వరుస నడవాలంటే ప్రతి కోడికీ మిగతా ప్రతి కోడీ విడివిడిగా గుర్తుండాలి. "ఈమె నన్ను ఓడించింది, ఆమెని నేను ఓడించాను" అని. పది కోళ్ళుంటే 45 జతలు. అన్ని జతల మధ్యా ఒక తీర్పు ఉంటుంది. అది ఎక్కడా రాసి ఉండదు, వాటి తలల్లోనే ఉంటుంది. కోడి బుర్ర అని తిడతాం కదా, ఆ బుర్రలోనే ఇదంతా ఉంటుందన్నమాట.

నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. ఈ వరుస ఎప్పుడూ నిచ్చెనలా ఉండదు. నల్లపెట్ట తెల్లపెట్టని పొడుస్తుంది, తెల్లది చుక్కలదాన్ని పొడుస్తుంది. కానీ చుక్కలది వెళ్ళి నల్లదాన్ని పొడుస్తుంది! ఈ త్రికోణాలు కూడా ఆయనే గమనించి రాశాడు. ఎందుకిలా అవుతుందంటే, ప్రతి జతా తన లెక్క తనే తేల్చుకుంటుంది. నల్లది, చుక్కలది మొదటిసారి ఎదురుపడిన రోజు నల్లదానికి ఒంట్లో బాగోలేదనుకోండి, అంతే, అది అలా ఉండిపోతుంది. ఇప్పుడు ఆఫీసుల గురించి, కాలేజీల గురించి మాట్లాడేవాళ్ళు "పెకింగ్ ఆర్డర్" అని వాడేటప్పుడు పైనుంచి కిందకి ఒకే గీత గీస్తారు. కోళ్ళలో కథ అంత సూటిగా ఉండదు.

అయితే ఆయన కూడా అక్కడితో ఆగలేదు. కోళ్ళలో కనిపించిన పెత్తనమే సృష్టి మొత్తానికి మూలసూత్రం అన్నట్టు రాసుకుంటూ పోయాడు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. పెరట్లో చూసింది నిజం. దాన్ని ప్రపంచం మొత్తానికి అంటించడం అతి.

ఆయన జీవితం ఏమైందో తెలుసా? యూనివర్సిటీలో ఆయనకి ప్రొఫెసర్ క్రిస్టీన్ బోనెవీ. 1912లో నార్వేకి మొదటి మహిళా ప్రొఫెసర్ అయిన ఆవిడ, చాలా గొప్ప శాస్త్రవేత్త. ఇద్దరికీ చెడింది. ఆవిడని వెటకారం చేస్తూ ఒక వ్యాసం వచ్చిందనీ, అది ఇతనే రాశాడని ఆవిడ అనుకుందనీ, నిజానికి రాసింది వేరే వాళ్ళనీ కుటుంబం వైపు నుంచి వచ్చిన కథ. కారణం ఏదైతేనేం, సొంత దేశంలో ఆయనకి దారి మూసుకుపోయింది. పొడుపు వరుస కనిపెట్టిన మనిషికే వరుసలో చోటు దొరకలేదు. 1976లో చనిపోయాడు. అప్పటికి ఆయన మాట ప్రపంచమంతా వాడుతోంది, ఆయన పేరు మాత్రం చాలామందికి తెలీదు.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. కోళ్ళు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి, ఒప్పుకున్నాం. దేన్ని చూసి గుర్తుపడతాయి?

దీని మీద అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో గూల్ అనే ఆయన చాలా ఏళ్ళు పనిచేశాడు. 1953లో ఆర్ట్‌మన్ అనే ఇంకో ఆయనతో కలిసి చేసిన ప్రయోగాలు ఉన్నాయి. కోళ్ళ ఈకలకి రంగు వేశారు, వేరే ఈకలు అతికించారు, తల మీద ఉండే ఎర్ర జుట్టు ఆకారం మార్చారు. (కోడిజుట్టు పువ్వు తెలుసు కదా, ఆ జుట్టు.) అలా మార్చిన కోడిని తిరిగి మందలో వదిలితే ఏమవుతుందో చూశారు. ఒంటి మీద చేసిన మార్పులకంటే తల, మెడ దగ్గర చేసిన మార్పులు గట్టిగా పనిచేశాయి. తల మారిపోతే పాత స్నేహితులకి అది కొత్త కోడి. మళ్ళీ మొదటినుంచి కొట్లాట.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అమ్మమ్మ ఇంట్లో ఆ వారమే ఇంకోటి జరిగింది. నేను తెచ్చిన ఎర్రపెట్టతో కొట్లాటలో మా నల్లపెట్టకి కూడా తల మీద చిన్న దెబ్బ తగిలింది. అమ్మమ్మ దానికి పసుపు రాసింది. తల మొత్తం పచ్చగా అయిపోయింది. ఆ నల్లపెట్ట మా పెరట్లో పెద్దక్క లాంటిది, అందర్నీ పొడిచేది. పసుపు రాశాక దాని కింద ఉండే పెట్టలు వచ్చి దాన్ని పొడవడం మొదలుపెట్టాయి! దెబ్బ చూసి పొడిచాయేమో అనుకోవచ్చు, రక్తం కనబడితే కోళ్ళు పొడుస్తాయి, అదీ నిజమే. కానీ ముందు అవి మెడ చాచి, దగ్గరికొచ్చి, కొత్తదాన్ని చూసినట్టు దాన్ని చూడడం నాకు ఇంకా గుర్తుంది.

మన దగ్గర ఒక తమాషా ఉంది చూడండి. గోదావరి జిల్లాల్లో పుంజులకి పేర్లు ఎలా పెడతారు? డేగ, కాకి, నెమలి, సేతువ. అన్నీ ఈక రంగుని బట్టే. మనిషి కోడిని ఈకలు చూసి గుర్తుపడతాడు. కోడి కోడిని తల చూసి గుర్తుపడుతుంది. అందుకే అన్నిటిదీ ఒకే మొహంలా నాకు కనబడింది, నేను అసలు అక్కడ చూడనే లేదు.

ఆ మెడ చాచి దగ్గరికి రావడం ఉందే, దాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో మారియన్ స్టాంప్ డాకిన్స్ 1990లలో ఓపిగ్గా చూసింది. కోడి దూరం నుంచి ఇంకో కోడిని గుర్తుపట్టలేదు, తెలిసినదా తెలియనిదా అనేది తేల్చుకోవాలంటే బాగా దగ్గరికి రావాలి. వచ్చేటప్పుడు కూడా తల అటూ ఇటూ తిప్పుతూ, ఒకసారి ఈ కన్నుతో ఒకసారి ఆ కన్నుతో చూస్తుంది. కళ్ళు తలకి రెండు పక్కల ఉంటాయి కాబట్టి అది మామూలే అనిపిస్తుంది. కానీ రెండు కళ్ళూ ఒకే పని చేయవు. ఆస్ట్రేలియాలో లెస్లీ రోజర్స్ చేసిన పని ఇది. గుడ్డులో పిల్ల చివరి రోజుల్లో ఒక పక్కకి తిరిగి ఉంటుంది, కుడి కన్ను పెంకు వైపు, ఎడమ కన్ను దాని ఒంటికే ఆనుకుని. పెంకులోంచి వెలుగు కుడి కంటికే తగులుతుంది. దాని ప్రభావం బయటికొచ్చాక కనిపిస్తుంది. గింజ ఏది, రాయి ఏది అని ఏరుకోవడంలో కుడి కన్ను చురుకు. పైనుంచి వచ్చే గద్దని కనిపెట్టడంలో ఎడమ కన్ను చురుకు. ఈసారి మీ ఇంట్లో కోడి తల వంచి ఒంటికన్నుతో ఆకాశం వైపు చూస్తే ఏ కన్నో చూడండి.

మరి గుర్తు ఎన్నాళ్ళుంటుంది? విడదీసి రెండు మూడు వారాలు ఉంచితే మర్చిపోతాయి, తిరిగి కలిపితే మళ్ళీ తేల్చుకోవాల్సిందే. అదే రోజూ కాస్సేపు కలుస్తూ ఉంటే చాలా పెద్ద పనే చేయగలవు. 1948లో మార్జొరీ డగ్లిస్ అనే పరిశోధకురాలు ఒకే పెట్టని రోజూ వేరు వేరు మందల్లోకి మార్చుతూ చూసింది. ఒక పెట్ట ఐదు మందల్లో సభ్యురాలిగా ఉండగలిగింది! ఒక మందలో పై స్థానం, ఇంకో మందలో కింది స్థానం, ఎక్కడి మర్యాద అక్కడే. అత్తారింట్లో ఒకలా, పుట్టింట్లో ఒకలా ఉండే మనుషులు మీకు గుర్తొస్తే నా తప్పు కాదు.

ఇప్పుడు మనుషుల సంగతి. కోళ్ళు పెంచినవాళ్ళని గుర్తుపడతాయా? దీనికి ఇంకా వెనక్కి, 1873కి వెళ్ళాలి.

డగ్లస్ స్పాల్డింగ్ అని ఒకాయన. స్కాట్లండ్‌లో ఇళ్ళ కప్పులకి పలకలు వేసే కూలీగా బతుకు మొదలుపెట్టాడు. తర్వాత చదువుకుని, తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ ఇంట్లో రస్సెల్ అన్నయ్యకి ట్యూటర్‌గా ఉన్నాడు. ఆయన చేసిన పని ఏంటంటే, కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని వస్తుండగానే, కళ్ళు తెరవకముందే, దాని తలకి చిన్న ముసుగు తొడిగేవాడు. ఒకటి రెండు రోజులాగి ముసుగు తీస్తే అది కాసేపట్లోనే పురుగుని గురి చూసి పొడిచేది. ఎవరూ నేర్పలేదు. ఇంకో విషయం, మొదటి రోజుల్లో కదిలేది ఏది కనిపిస్తే దాని వెంట పడేవి, తల్లి అయినా సరే, స్పాల్డింగ్ అయినా సరే. కానీ దాదాపు నాలుగు రోజులు ముసుగులో ఉంచిన పిల్లలకి ముసుగు తీయగానే ఆయన్ని చూసి భయంతో పారిపోయాయి. అంటే ఆ తలుపు కొద్ది రోజులే తెరిచి ఉంటుంది, తర్వాత మూసుకుపోతుంది.

క్షయతో 1877లో చనిపోయాడు. తర్వాత ఈ పనిని అందరూ మర్చిపోయారు. బాతుల వెనకాల నడిచే ఫోటోలతో కోన్రాడ్ లోరెంజ్ ఫేమస్ అయ్యాడు, 1973లో నోబెల్ వచ్చింది, స్పాల్డింగ్ వ్యాసం వచ్చిన సరిగ్గా వందేళ్ళకి. మధ్యలో 1954లో ఆ పాత వ్యాసాన్ని మళ్ళీ అచ్చు వేయించింది హాల్డేన్, తర్వాత మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ హాల్డేనే.

పెద్దయ్యాక తెచ్చుకున్న కోడి మనకి అలవాటవ్వదా అంటే అవుతుంది, కాకపోతే దారి వేరు. స్కాట్లండ్‌లో బ్రయాన్ జోన్స్ చేసిన ప్రయోగాల్లో, రోజూ చేత్తో పట్టుకుని నిమిరిన కోడిపిల్లలకి మనుషులంటే భయం తగ్గింది. పక్కన ఇంకో పిల్లని నిమురుతుంటే ఊరికే చూసిన పిల్లలకి కూడా తగ్గింది. చూసి నేర్చుకుంటాయన్నమాట.

మా పెరట్లో నేను ఒకటి చేసి చూశాను. దాన్ని ప్రయోగం అనను, సరదా. అమ్మమ్మ నూకలు వేసే స్టీలు గిన్నె పట్టుకుని, అదే టైముకి, అదే అరుగు మీద నిలబడ్డాను. పరిగెత్తుకుంటూ వచ్చాయి. కానీ నాకు చేతికి అందనంత దూరంలో ఆగిపోయాయి. మెడలు చాచి, తల అటూ ఇటూ తిప్పుతూ చూశాయి. అమ్మమ్మ వస్తే అవి ఆవిడ కాళ్ళ మధ్యలోంచి దూరతాయి. గిన్నె వాటికి తెలుసు, మనిషి వేరని కూడా తెలుసు.

ఇక పెద్ద ఫారాల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తవదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన ఆంధ్రప్రదేశే ముందుంది. కోడి అడవి పక్షి. ఆగ్నేయాసియా అడవుల్లో చిన్న చిన్న గుంపుల్లో తిరిగే ఎర్ర అడవికోడి నుంచి వచ్చింది. మనుషులతో కలిసి ఉన్న కోళ్ళ ఎముకల్లో ఖచ్చితంగా చెప్పగలిగినవాటిలో పాతవి థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్‌లో దొరికాయని, క్రీస్తుపూర్వం 1650కీ 1250కీ మధ్యవని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. చిన్న గుంపు కోసం తయారైన బుర్ర అది. మరి 5,000 కోళ్ళున్న షెడ్డులో? జతలు లెక్కేస్తే కోటీ పాతిక లక్షలు. ఏ కోడీ గుర్తుపెట్టుకోలేదు.

అప్పుడు రోజంతా యుద్ధమే అనుకుంటాం కదా? కాదు. ఇది నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. స్వేచ్ఛగా తిరిగే పెద్ద మందల్లో కోళ్ళు కొట్లాడుకోవడం తగ్గించేస్తాయి. 1997లో పేగెల్, డాకిన్స్ దీనికి కారణం చెప్పారు. ఇవాళ గెలిచినా ఆ కోడి మళ్ళీ ఎదురుపడుతుందన్న నమ్మకం లేదు, ఎదురుపడినా గుర్తుండదు. మరి ఆ గెలుపుతో పనేముంది? మళ్ళీ మళ్ళీ కలిసేవాళ్ళ మధ్యే వరుసకి విలువ. మా ఎర్రపెట్ట చావడానికి కారణం అక్కడుంది. ఏడు కోళ్ళ పెరడు, తప్పుకోవడానికి జాగా లేదు, ప్రతి మొహం తెలిసిన చోట ఒక్క తెలియని మొహం.

ఫారాల్లో ఈకలు పీక్కోవడం, రక్తం వచ్చేలా పొడుచుకోవడం ఉంటుంది, అది వేరే జబ్బు. దాన్ని పొడుపు వరుసతో కలపకండి. నేల గీరుకుని, ఏరుకుని తినే పక్షికి ఆ పని లేకుండా చేస్తే ముక్కు పక్కకోడి ఈకల మీదకి వెళ్తుంది. దానికి మనం కనిపెట్టిన మందు వేడి బ్లేడుతో ముక్కు కొన కత్తిరించడం. ఫారాల్లో డీబీకింగ్ అంటారు. గీరుకోవడానికి నేల ఇవ్వడం కంటే ముక్కు కోయడం చవక, అంతే.

పుంజు సంగతి ఒక్కటి చెప్పేస్తాను. తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మ సామెత మీకు తెలుసు. 2015లో జపాన్‌లో షిమ్మురా, యోషిమురా బృందం పుంజుల్ని గమనిస్తే, తెల్లవారుజామున మొదట కూసేది వరుసలో పైనున్న పుంజు. మిగతావి వరుస ప్రకారం దాని తర్వాతే. పై పుంజుని తీసేస్తే రెండోది మొదట కూస్తుంది. ముసలమ్మ కోడి కూయకపోయినా తెల్లారుతుంది, కాకపోతే కూత వరుస మారుతుంది.

తర్వాత ఏడాది ఇంకో పెట్టని తెచ్చాను. ఈసారి గంప కింద పెట్టి, కోళ్ళు తిరిగే చోటే, చింతచెట్టు కింద ఉంచాను. మొదటి రోజు పెట్టలన్నీ గంప చుట్టూ చేరి సందుల్లోంచి ఒక్కో కన్నుతో చూశాయి. రెండో రోజు రెండు మూడే వచ్చాయి. నాలుగో రోజు ఎవరూ పట్టించుకోలేదు. ఐదో రోజు పొద్దున్న అమ్మమ్మ గంప ఎత్తింది. నల్లపెట్ట వచ్చి నెత్తి మీద రెండు పొడిచింది, కొత్తది తల దించి పక్కకి తప్పుకుంది. అంతే. ఆ రాత్రి కొమ్మ మీద చివర్న, అన్నిటికంటే కింద, అది కూడా ఎక్కి కూర్చుంది.